పడుకునేముందు 140, లేవగానే 260: నాన్న షుగరు ఎందుకిలా అవుతోంది?

వెన్నెల:
రాత్రంతా కూర్చుని వెతికాను, ఎక్కడా జవాబు దొరకలేదు. మా నాన్నకు 19 ఏళ్లుగా షుగరు. పడుకునేముందు చూస్తే 140 ఉంటుంది, పొద్దున లేవగానే 260. నిన్నయితే 274. రాత్రి భోజనం సగానికి తగ్గించాం. డాక్టరు గారు చెప్పినట్టే డోసు రెండుసార్లు పెంచాం, అయినా అంతే. పైగా ఒక్కోరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి 65కి పడిపోయి ఒళ్లంతా చెమటలు. మనిషి సగమైపోయారు. తప్పు ఎక్కడ జరుగుతోందో ఎవరైనా చెప్పండి, దయచేసి.

బాటసారి:
మాత్రలా, ఇన్సులినా? రాత్రి 3 గంటలకు చూశారా?

పెద్దాయన:
అమ్మా, అంకెల సంగతి అలా ఉంచి ముందు నాన్నగారి పాదాలు చూడండి. ఇన్నేళ్ల షుగరంటే నరాలు మొద్దుబారి ఉండొచ్చు. మా అన్నయ్య బూటులో చిన్న రాయి పడితే తెలియక రోజంతా దానిమీదే నడిచాడు. సాయంత్రం మేజోడు తీస్తే రక్తం. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాలి. వేడినీళ్లలో కాలు పెట్టేముందు మోచేత్తో చూసుకోవాలి. ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించి రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష తప్పనిసరి. కన్ను, కిడ్నీ పాడవుతున్నా మొదట్లో మనకేమీ తెలియదు.

వెన్నెల:
పాదాలు బాగానే ఉన్నాయండీ. నేను అడిగింది పొద్దుటి షుగరు గురించి. ఇన్సులినే, చెప్పాననుకున్నాను. రెండు పూటలా, మిక్స్ రకం, అంటే త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపింది.

చిరుగాలి:
ఇది సొమోజీ ఎఫెక్ట్. నిద్రలో షుగరు పడిపోతే కాలేయం తన దగ్గరున్న గ్లూకోజ్ వదిలేస్తుంది, పొద్దున్న ఎక్కువ కనిపిస్తుంది. మీరు డోసు పెంచడమే తప్పు.

సాలోచన:
చూడకుండానే సొమోజీ అని ఎలా అంటారు? తెల్లవారుజామున గ్రోత్ హార్మోను, కార్టిసాల్ పెరిగి షుగరు దానంతటదే పెరగొచ్చు. దాన్ని డాన్ ఫినామినన్ అంటారు. మైకేల్ సొమోజీ ఆ సంగతి చెప్పింది 1930లలో, అప్పటికి ఇంట్లో చూసుకునే మీటర్లే లేవు. ఇప్పుడు ఒంటికి సెన్సార్ పెట్టి రాత్రంతా చూస్తుంటే, నిద్రలో షుగరు పడినవాళ్లకు పొద్దున్న సాధారణంగా తక్కువే ఉంటోంది.

చిరుగాలి:
పేరు ఏదైతేనేం, మా అత్తయ్యకు డోసు తగ్గించాకే కుదుటపడింది.

బాటసారి:
పేర్ల గొడవ తర్వాత. 3 గంటల రీడింగ్ కావాలి.

దీపకళిక:
నేను ఇరవై ఏళ్లు వార్డులో నర్సుగా చేశాను. సూది ఎవరు వేస్తున్నారు? ఎక్కడ? చోటు మారుస్తున్నారా?

వెన్నెల:
రాత్రి అలారం పెట్టుకుని 3కి చూశాను, 198. పడిపోలేదు. సూది నాన్నే వేసుకుంటారు, బొడ్డు పక్కన. ఎప్పుడూ అక్కడే. అక్కడైతే నొప్పి ఉండదంటారు.

దీపకళిక:
నొప్పి ఉండదన్నారనే నా అనుమానం. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వేళ్లకు కాస్త సబ్బునీళ్లు రాసుకుని పొట్ట మీద మెల్లగా తడమండి. కంటికి కనపడని గడ్డ చేతికి తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు పేరుకుని గట్టిపడుతుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు సరిగ్గా ఎక్కదు, ఇంకోరోజు వేళకాని వేళ ఎక్కుతుంది. పొద్దుటి 260కీ, మధ్యాహ్నం 65కీ రెండింటికీ అదే కారణం కావచ్చు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. గడ్డ దొరికితే పాత డోసే తీసుకెళ్లి కొత్త చోట వేయకండి. మంచి చర్మంలోంచి మందు బాగా ఎక్కి షుగరు ప్రమాదంగా పడిపోవచ్చు. డాక్టరును అడిగి డోసు తగ్గించాకే చోటు మార్చాలి. ప్రతిసారీ కొత్త సూది, కిందటి చోటికి కనీసం వేలి వెడల్పంత ఎడం. మిక్స్ ఇన్సులిన్‌ను అంతా ఒకేలా తెల్లగా కలిసేదాకా అరచేతుల మధ్య దొర్లించాలి, గట్టిగా కుదపకూడదు.

పెద్దాయన:
చాలా మంచి మాట చెప్పారమ్మా. కిడ్నీ పరీక్ష కూడా వాయిదా వేయకండి. కిడ్నీ నెమ్మదిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, అప్పుడూ షుగరు పడుతుంది. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి.

సాలోచన:
గడ్డ అనకండి, కేన్సరేమోనని భయపడతారు. లైపోహైపర్‌ట్రోఫీ అనండి.

దీపకళిక:
ఆ పేరు చెబితే ఇంట్లో ఎవరూ పొట్ట తడిమి చూడరు. అందుకే గడ్డ అన్నాను.

వెన్నెల:
ఉంది. బొడ్డుకు కుడిపక్క నిమ్మకాయంత, ఎడమపక్క ఇంకాస్త చిన్నది. ఇన్నేళ్లలో ఎవరూ చొక్కా ఎత్తమని అడగలేదన్నారు నాన్న. డాక్టరు గారికి ఫోన్ చేశాను. తొడకు మార్చి, రాత్రి 22 యూనిట్లను 18 చేయమన్నారు, పొద్దుటిదీ అదే లెక్కన తగ్గించారు. మూడు రోజులు రాత్రి 3కి కూడా చూడమన్నారు. కిడ్నీ పరీక్షకూ రాశారు. థ్యాంక్స్ అండీ అందరికీ, నాన్నకు సూది వేసే టైమైంది.

బాటసారి:
మూడు రోజుల రీడింగులు ఇక్కడ పెట్టండి.