కడతేర్చడం అంటే చంపడమా, గట్టెక్కించడమా?

నకిరేకల్ నుంచి: జిల్లా పేజీలో హెడ్డింగ్: "భర్తను కడతేర్చిన భార్య". మా నాయనమ్మ రోజూ "సామీ, నన్ను కడతేర్చు" అని దండం పెట్టుకునేది. ఆమె అడిగింది ఇదేనా? పోతన పద్యం ఒకటి నోట్లో ఆడుతోంది, "భయమునఁ గంసుండు" అని. చివర కడతేరడం అనే మాట వస్తుందా?

దేవరకొండ పంతులు: సప్తమ స్కంధం. నారదుడు ధర్మరాజుకు చెప్పింది. "కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు..." ముగింపు "హరిఁ జెందన్ వచ్చు ధాత్రీశ్వరా". కడతేరడం ఎక్కడా లేదు. పైగా ఆ అరసున్న ఏమిటి? "న" లఘువైపోయి శార్దూల వృత్తంలో సగణం (రెండు లఘువులు, ఒక గురువు) కూలింది. నిండు సున్నే ఉండాలి.

గద్వాల డెస్క్: మేం గణాలు చూడం సార్, కాలమ్ వెడల్పు చూస్తాం. రోజూ "హత్య" అంటే విసుగు. అందుకే హతమార్చిన, మట్టుబెట్టిన, కడతేర్చిన. ఎన్‌కౌంటర్ వార్తకైతే ఇవేవీ పనికిరావు, అక్కడ గొడవంతా "హతం" అనాలా "మృతి" అనాలా అనే.

సూర్యాపేట వకీలు: హెడ్డింగ్‌లోనే తీర్పిచ్చేస్తారు మీరు. 2024 జూలై 1 నుంచి హత్యకు ఐపీసీ 302 పోయి భారతీయ న్యాయ సంహిత 103 వచ్చింది. హత్య కిందికి రాని నరహత్యకు 105. కడతేర్చడానికి సెక్షన్ లేదు. పాత మాట ఖూనీయే నయం.

అచ్చంపేట నుంచి: ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు. మనం నేరానికే ఆ పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ఖూనీ అయ్యేవి భాష, ప్రజాస్వామ్యం, అంతే. మనిషినైతే మా దిక్కు "సంపిండు" అంటరు.

నాగర్‌కర్నూల్ మేడమ్: నా లెక్క వేరు. హరి చేతిలో చచ్చినవాడు తరిస్తాడు. చక్రం తగిలాకే మొసలి మళ్లీ హూహూ గంధర్వుడయ్యాడు. చంపడం, తరింపజేయడం ఒక్క దెబ్బతోనే. పేపర్ల మాట అక్కడి నుంచే వచ్చింది.

గద్వాల డెస్క్: మా రిపోర్టర్ గజేంద్రమోక్షం తలుచుకుని రాశాడంటారా మేడమ్! కడ అంటే చివర. చివరికంటా పంపాడు. తుదముట్టించడం లాంటిదే.

దేవరకొండ పంతులు: అదే అయితే "కడతీర్చు" అనాలి. తీరు వేరు, తేరు వేరు. ఇది తేరుకోవడంలోని తేరు.

నకిరేకల్ నుంచి: పంతులు గారూ, "గంసుండు" బదులు "కంసుండు" అనే చదివితే? పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి 13వ అక్షరం, కా-కం ఇంకా బాగా కలుస్తుంది.

దేవరకొండ పంతులు: కా-గం కూడా చెల్లుతుంది. "భయమునన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) కావాల్సిందే.

నాగర్‌కర్నూల్ మేడమ్: మరి అదే పద్యంలో "సామగ్రిన్" తర్వాత శిశుపాలుడి "శి" మారలేదేం?

దేవరకొండ పంతులు: శ పరుషం కాదమ్మా.

గద్వాల డెస్క్: ఇప్పుడే ఇంకోటి వచ్చింది. ఆస్తి గొడవ, తండ్రీ కొడుకులు. పేజీ పోవాలి, మాట చెప్పండి.

సూర్యాపేట వకీలు: "చంపాడని కేసు" అని పెట్టు.

గద్వాల డెస్క్: సింగిల్ కాలమ్ సార్, పట్టదు.