పాత బడి భవనాలకు భూకంప భద్రత: ప్రభుత్వ నిధులు ముందు దేనికి అడగాలి?

ప్రశ్న

నేను ఒక ప్రభుత్వ పాఠశాల నిర్వహణ కమిటీలో సభ్యుణ్ణి. మా పాత భవనంలో కింది అంతస్తు రాతి గోడలది. తరగతి గదులు చాలక తరువాత దానిపై కాంక్రీటు స్లాబుతో మరో అంతస్తు లేపారు. భూకంప భద్రత గ్రాంటుకు దరఖాస్తు చేయాలంటే ముందుగా స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక జతపరచాలట. ఆ నివేదిక ఖర్చు మాత్రం గ్రాంటులోకి రాదట. పాతదాన్ని బలపరచడానికి పెట్టే డబ్బేదో కొత్త భవనానికే అడుగుదామని తోటి సభ్యులు అంటున్నారు. ఏది అడగడం సబబు? నివేదిక దగ్గరే ఆగిపోయిన మాలాంటివారికి ఎక్కడైనా దారి చూపారా?

మొదటి జవాబు

మీరు చెప్పిన కట్టడం అందరికన్నా ముందు పరీక్షించవలసిన రకం. 2002 అక్టోబరు 31న ఇటలీలోని శాన్ జులియానో ది పులియాలో కూలిన బడి కూడా పాత గోడలపై కాంక్రీటు బరువు చేర్చినదే. అక్కడ 27 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు మరణించారు. భూమి కదిలినప్పుడు కట్టడంపై పడే బలం దాని బరువును బట్టి ఉంటుంది కాబట్టి, కింది గోడలను అలాగే వదిలి పైన బరువు పెంచడం చాలా ప్రమాదకరం.

అయినా కూల్చాలా, బలపరచాలా అన్నది చూడకుండా తేల్చరాదు. రాతి గోడ లోపలి పొరను, బయటి పొరను కలిపి పట్టే పొడవాటి రాళ్లు ఉన్నాయా, రాళ్ల మధ్య ఉన్నది మట్టా సున్నమా, లింటెల్ (తలుపులు, కిటికీల పై దూలం) మట్టంలో గోడలన్నిటినీ చుట్టే కాంక్రీటు పట్టీ ఉందా అన్నవాటిని బట్టి నిర్ణయం మారుతుంది. వరండా స్తంభాలను కూడా గమనించండి. స్తంభాల మధ్య నడుము ఎత్తు వరకే గోడ కట్టి ఉంటే, కదలికంతా స్తంభంలో మిగిలిన పొట్టి భాగంపైనే పడి అది అక్కడే చిట్లుతుంది. దీన్ని సరిచేయడానికి భవనం కూల్చనక్కర లేదు.

రెండవ జవాబు

నిధి ఎంత అన్నది తరువాతి మాట, అది ఏ వరుసలో అందుతుందన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. 1933 మార్చి 10 సాయంత్రం లాంగ్ బీచ్ భూకంపంలో బడులు అనేకం కూలాయి. పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి ఆ ఊరున్న కాలిఫోర్నియాలో బడి కట్టడాల భూకంప భద్రతకు ఫీల్డ్ చట్టం వచ్చింది గానీ, అది కొత్త కట్టడాలకే వర్తించింది. పాతవాటి కోసం 1939లో గారిసన్ చట్టం తెచ్చినా, వాటిలో చాలా భవనాలు 1970ల దాకా వాడుకలోనే ఉన్నాయి.

జపాన్ మరో దారిలో నడిచింది. 2002లో అక్కడి ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక బడుల భవనాల్లో భూకంపాన్ని తట్టుకోగలవని తేలినవి 44.5 శాతమే కాగా, 2015 నాటికి అవి 95 శాతం దాటాయి. 2008లో చైనాలోని సిచువాన్ భూకంపంలో బడులు కూలిన కొద్ది వారాలకే, అత్యంత ప్రమాదకరమైన భవనాల పటిష్ఠీకరణకు జపాన్ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వాటాను సగం నుంచి మూడింట రెండు వంతులకు పెంచారు. ప్రతి స్థానిక సంస్థా పరీక్ష జరిపి ఫలితాన్ని ప్రకటించాలని చట్టంలోనే రాశారు. ఏ బడి ఏ స్థితిలో ఉందో తల్లిదండ్రులకు తెలిశాక ఫైలును పక్కన పెట్టడం అధికారులకు అంత తేలిక కాదు.

మూడవ జవాబు

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. దరఖాస్తుల పోటీతో పంచే గ్రాంటు, సొంత ఇంజనీర్లున్న పెద్ద సంస్థలకే ముందు చేరుతుంది. భవనం ఎంత శిథిలమైనదైనా నివేదిక లేని చిన్న బడి వెనకబడిపోతుంది. కాబట్టి మీరొక్కరే కాక, చుట్టుపక్కల బడుల కమిటీలతో కలిసి పరీక్షల ఖర్చుకే విడిగా నిధి కోరండి. పటిష్ఠీకరణ దండగని వాదించేవారికి కాఠ్మాండూ లోయను చూపవచ్చు: అక్కడ ముందే బలపరచిన బడులు 2015 భూకంపాన్ని తట్టుకున్నాయి. అది శనివారం, సెలవు రోజు కావడం వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు

ఉమ్మడి దరఖాస్తు ఆలోచన కమిటీ ముందు పెడతాను. ఈలోగా ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

వీలైతే పై అంతస్తు తరగతులను వేరే చోటికి మార్చండి. బీరువాలను గోడకు బిగించండి, వదులైన పిట్టగోడను దింపించండి. వీటికి గ్రాంటు కోసం ఆగనక్కర లేదు. ఇంజనీరుకు పని అప్పగించేటప్పుడు పటిష్ఠీకరణకు, పునర్నిర్మాణానికి విడివిడిగా అంచనాలు రాసిమ్మని ఒప్పందంలోనే చేర్చండి.