పోలియో లాంటి జాతీయ కార్యక్రమానికి పెద్దగా ఎవరుండాలి? డాక్టరా, ఐఏఎస్సా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ):

మా మేనల్లుడు కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాడు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర వాడికీ మా బావగారికీ పెద్ద వాదన. పులుసు చల్లారింది గానీ గొడవ చల్లారలేదు. రోగం సంగతి తెలిసినవాళ్ళే దాన్ని తరిమే పనికి పెద్దగా ఉండాలని మావాడు. డాక్టర్లకి మందు తెలుసు గానీ జనాన్ని కదిలించడం తెలీదు, అది ఐఏఎస్‌ల పని అని బావగారు.

నా ఓటు మేనల్లుడికే. 1994 అక్టోబరు 2న ఢిల్లీలో పల్స్ పోలియో మొదలుపెట్టింది అప్పటి అక్కడి ఆరోగ్యమంత్రి డాక్టర్ హర్షవర్ధన్. మరుసటి ఏడాదికి అది దేశమంతటా పాకింది. 2011 జనవరి 13న హౌరా జిల్లాలో ఓ పాపకి కాలు చచ్చుబడింది. దేశంలో వైల్డ్ పోలియో (టీకా నుంచి కాకుండా, సహజంగా తిరిగే వైరస్ వల్ల వచ్చేది) కేసు అదే ఆఖరు. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. మొదలుపెట్టింది డాక్టరు కాబట్టే ఇక్కడిదాకా వచ్చామని నా నమ్మకం. మీరేమంటారు?

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

సాగరతీరం గారూ, మీరు చెప్పిన డాక్టరు గారు ఈఎన్‌టీ. చెవి, ముక్కు, గొంతు. పోలియో వైరస్ పెరిగేది పేగుల్లో. ఆయన ఆ పని చెయ్యగలిగింది మంత్రి కుర్చీలో ఉన్నందుకు, మెడలో స్టెతస్కోపు ఉన్నందుకు కాదు.

ఒక్కో జాతీయ రౌండులో 17 కోట్ల మంది పిల్లలు. చుక్కలు వేసేవాళ్ళే 24 లక్షల దాకా. నేను ప్లాంటులో ముప్ఫై రెండేళ్ళు చేశాను. షిఫ్టుకి రెండొందల మందిని టైముకి రప్పించడమే ఎంత కష్టమో నాకు తెలుసు. ఐస్ బాక్సులు, జీపులు, బడి టీచర్లు, రైల్వే స్టేషన్లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బల్ల వేసుకోవడానికి అనుమతి... వీటిలో సగం ఆరోగ్యశాఖ చేతిలో ఉండేవి కావు. డాక్టరు గారు ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి ఆదివారం దాటిపోతుంది. కలెక్టరైతే ఒక్క ఫోన్.

ఆఖరి ఏళ్ళలో ఢిల్లీలో ఈ పనిని ముందుండి నడిపించినవాళ్ళలో అనురాధా గుప్తా ఒకరు. ఆవిడ ఐఏఎస్సే. టీకాలకి సాయం చేసే గావి సంస్థ తర్వాత ఆవిణ్ణి డిప్యూటీ సీఈఓగా తీసుకుంది.

అల్లరి_కెరటం:

ఇద్దరూ కాదండీ. అమితాబ్ బచ్చన్. ఆయన టీవీలో కోప్పడ్డాకే మా నానమ్మ మా తమ్ముణ్ణి చంకనేసుకుని బూత్‌కి పరిగెత్తింది.

పిల్లల_డాక్టర్ (మధురవాడ):

రిటైర్డ్ గారూ, లారీని కదిలించడం ఒక పని, అందులో ఏం ఎక్కించాలో తేల్చడం ఇంకో పని. 2009లో దేశంలో 741 కేసులు. 2010లో 42. ఆ ఒక్క ఏడాదిలో జీపులేం రెట్టింపు కాలేదు. మందు మారింది.

పాత చుక్కల్లో మూడు రకాల పోలియో వైరస్‌లూ, నీరసపరిచినవి, కలిపి ఉండేవి. అందులో రెండో రకం వైల్డ్ వైరస్ మన దేశంలో 1999 తర్వాత కనిపించనే లేదు. కానీ చుక్కల్లో ఉన్న రెండో రకం పేగుల్లో ముందే చోటు ఆక్రమించి, మిగతా రెండింటినీ సరిగ్గా పట్టనిచ్చేది కాదు. దానికి తోడు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో, బిహార్‌లో ఇరుకు ఇళ్ళు, మురుగు, పిల్లలకి ఎప్పుడూ విరేచనాలు. ఏడెనిమిది డోసులు వేసుకున్న పిల్లలకీ పోలియో వచ్చింది. అప్పుడు తల్లి ‘మరి మీ చుక్కలెందుకు?’ అని అడిగితే ఏం చెప్తారు? మన పిల్లల్లో ఈ చుక్కలు తక్కువ పడుతున్నాయని వెల్లూరు వైరాలజిస్టు జాకబ్ జాన్ ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2005లో ఒక్క రకం వైరస్ ఉన్న చుక్కలు, 2010 జనవరిలో రెండు రకాలు కలిపిన చుక్కలు వచ్చాయి. ఫైలు మీద సంతకం ఐఏఎస్‌ది కావచ్చు. ఆ ఫైల్లో రాసింది మాత్రం వైరస్ తెలిసినవాళ్ళు.

ఇంకోటి. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్రం కలిసి పోలియో నిఘా ప్రాజెక్టు పెట్టాయి. కీలకమైన ఏళ్ళు, 2007 నుంచి 2012 దాకా, దానికి పెద్ద హమీద్ జాఫరీ. ఆయన డాక్టరే. ఈనాటికీ పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడితే, అది పోలియో కాదని నాకు గట్టిగా తెలిసినా సరే, నేను చెప్పాల్సిందే. పద్నాలుగు రోజుల్లోపు, ఒక రోజు ఎడంతో రెండుసార్లు మలం నమూనా తీసి, ఐసులో పెట్టి ల్యాబుకి పంపాలి. ఓసారి చెప్పడం ఆలస్యమైతే నిఘా డాక్టరు నా క్లినిక్‌కే వచ్చి కూర్చున్నారు. చిరాకేసింది. కానీ రోగం పోయిందని చెప్పగలుగుతున్నది ఆ చిరాకు వల్లే.

ఏఎన్‌ఎం_అక్క:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. డాక్టరు గారూ, రిటైర్డ్ గారూ ఢిల్లీలో ఎవరు కూర్చోవాలని కొట్టుకుంటున్నారు. నేను కింద నుంచి చెప్తాను.

ఆదివారం బూత్. సోమవారం నుంచి ఇల్లిల్లూ. చుక్కలేసిన పిల్లాడికి ఎడమ చిటికెన వేలి మీద మార్కర్ గీత. ఇంట్లో పిల్లలందరికీ వేస్తే గుమ్మం పక్కన సుద్దతో పీ. తాళం ఉన్నా, పిల్లాడు ఊళ్ళో లేకపోయినా, మాకొద్దన్నా ఎక్స్. ఎక్స్ ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. మొత్తం పని ఆ ఎక్స్‌లోనే ఉంది, మిగతాదంతా ఊరేగింపు.

చాలా ఏళ్ళ కిందట, అప్పటికి నేను వేరే చోట చేసేదాన్ని. జాలరి పేటల్లో నాకు ఎక్స్‌లు బోలెడు తేలాయి. తెల్లారకుండానే ఆడవాళ్ళు చేపల గంపలతో వెళ్ళిపోతారు. ఇంట్లో ముసలమ్మ ఉంటుంది, ‘అమ్మ వచ్చాక వెయ్యండి నాయినా’ అంటుంది. సాయంత్రం మా డాక్టరు గారు కాగితం చూసి, ‘ఇన్ని ఎక్స్‌లు తీసుకెళ్తే మీటింగులో నా పరువేం కాను? పీ చేసెయ్యి’ అన్నారు. చేసేశాను. ఉద్యోగం కొత్త, భయం. మర్నాడు తనిఖీకి వచ్చినవాళ్ళు పీ ఉన్న గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లల వేళ్ళు చూశారు. గీత లేదు. అందరి ముందూ తిట్లు నాకు. డాక్టరు గారు నేల చూపులు చూశారు.

తర్వాత ఇంకో ఆయన వచ్చారు. సాయంత్రం మీటింగులో మొదటి మాటే ‘ఎక్స్ ఎన్ని?’ ఎవరైనా సున్నా అంటే ఆయనకి నమ్మకం ఉండేది కాదు, ఆ వీధికి తనే వెళ్ళేవారు. నలభై ఉన్నాయంటే తిట్టేవారు కాదు, ‘రేపు ఏ టైముకి దొరుకుతారు?’ అని అడిగేవారు. ఆయన ఎంబీబీఎస్సో, గ్రూప్ వన్నో నాకు ఇప్పటికీ తెలీదు. మీ పెద్దమనిషి ఎవరైనా సరే, ‘ఎంతమందికి వేశారు’ అని కాకుండా ‘ఎవరు మిగిలిపోయారు’ అని అడగాలి. అడిగి, చెప్పినవాళ్ళని కొట్టకూడదు.

కొండగాలి (పాడేరు వైపు):

అక్కకి దండం. మా దగ్గర ఇంకో తంటా. ఆదివారం అని ఢిల్లీ వాళ్ళు పెడతారు. మా సంత వేరే రోజు. సంత రోజు దారి మలుపులో బల్ల వేస్తే నాలుగు గూడేల పిల్లలు దొరుకుతారు. ఆదివారం కొండ దిగేదెవరు? గర్భిణిని డోలీలో మోసుకొచ్చే చోటికి టీకా పెట్టె మనిషి భుజం మీదే వెళ్ళాలి. సీసా మీద చిన్న చదరం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకి వచ్చిందంటే పారెయ్యాలి. ఎండాకాలం ఆ చదరం కేసి చూసుకుంటూ నడవడం ఒక టెన్షన్. సంత రోజుకి మార్చుకోవచ్చా అని ఒకసారి అడిగాం. అడిగిన కాగితం ఎక్కడికి పోయిందో.

కూర్మన్నపాలెం_రిటైర్డ్:

అక్కా, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయినా నా మాట నాదే. కొండగాలి గారి కాగితం ఆగిపోకుండా చూడటమే పరిపాలన. సంత రోజుకి మార్చడానికి వైరస్ పాఠం అక్కర్లేదు, సంతకం చాలు.

పిల్లల_డాక్టర్ (మధురవాడ):

మారిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఉంటేనే ఆ సంతకం. దేశమంతా ఒకేసారి వెయ్యడానికి కారణం ఉంది. ఒకే వారంలో పిల్లలందరి పేగులూ టీకా వైరస్‌తో నిండిపోతే వైల్డ్ వైరస్‌కి చోటుండదు. పల్స్ అన్న పేరు అందుకే. ఒక్కో ఊరు ఒక్కో నెల వేసుకుంటే ఆ లాభం పోతుంది. రెండు మూడు రోజుల తేడా అయితే నాకేం అభ్యంతరం లేదు.

అక్క మాటకి ఒకటి కలుపుతాను. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ దొరికింది. పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చి రెండేళ్ళే. ఏ పిల్లాడికీ జబ్బు రాలేదు. అయినా బయటికి చెప్పి, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి పిల్లలకి ఇంజెక్షన్ టీకా వేశారు. మురుగులో వెతకమన్నది సైన్సు. దొరికినప్పుడు దాచకపోవడం మాత్రం... సరే, అది డిగ్రీలో నేర్పరు.

అల్లరి_కెరటం:

డాక్టరు గారు సగం ఓడిపోయారు. రిటైర్డ్ గారు పావు. అమితాబ్ ఇంకా లీడింగ్‌లోనే ఉన్నారు.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ):

నా ఓటు డాక్టరుకే గానీ, మొదటి పోస్టులో రాసిన కారణం తప్పు. మొదలుపెట్టింది డాక్టరు కాబట్టి గెలిచామనడం తేలిక మాట. ఉత్తరప్రదేశ్‌లో ‘చుక్కలు వేసుకుంటే పిల్లలు పుట్టరట’ అని పుకారు లేచినప్పుడు ఇమాముల్ని, ముస్లిం యూనివర్సిటీల్ని కలుపుకోవాల్సి వచ్చింది కదా. అది మందు తెలిసినంత మాత్రాన చెయ్యగలిగే పని కాదు.

మేనల్లుడికి అక్క పోస్టు చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, వచ్చే రౌండుకి ఒక రోజు ఆవిడ వెంట జాలరి పేటలో తిరగనిస్తారేమో అడగమన్నాడు. అక్కా, కుదురుతుందా?

ఏఎన్‌ఎం_అక్క:

పంపండి బాబూ. బూత్ రోజు వద్దు, మర్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి రమ్మనండి, ఆడవాళ్ళు గంపలు ఎత్తకముందే పట్టుకోవాలి. చెప్పులేసుకోమనండి, బూట్లు ఇసకలో దిగబడతాయి. సుద్దముక్క నేను తెస్తాను.