స్క్రీన్‌ప్లే పుస్తకం చదివి నేర్చుకునేదేనా?

సెకండ్ షో (గాజువాక):

మాస్టార్లందరికీ నమస్కారం. మా షార్ట్ ఫిల్మ్ బ్యాచ్‌లో రెండు నెలలుగా తెగని గొడవ ఒకటి మీ ముందు పెడుతున్నాను.

నాది పగలు ఉద్యోగం, రాత్రి రాత. రెండేళ్ళలో మూడు కథలు మొదలుపెట్టాను. మూడూ నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోయాయి. ఇక లాభం లేదని, సిడ్ ఫీల్డ్ అనే అమెరికా ఆయన స్క్రీన్‌ప్లే రాయడం మీద రాసిన పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1979లో వచ్చిన గైడు అది, ఇప్పటికీ అందరూ దాని పేరే చెబుతారు. లెక్క సింపుల్. స్క్రిప్టు 120 పేజీలు, పేజీకి ఒక నిమిషం. మొదటి 30 పేజీల్లో పరిచయం, తర్వాత 60 పేజీలు గొడవ, చివరి 30లో తేల్చడం. మొదటి రెండు భాగాల చివరా కథను పక్కకి తిప్పే సంఘటన ఒకటి ఉండాలి.

అది చదివాకే నా కథలు ఎందుకు ఆగిపోయాయో అర్థమైంది. హీరోకి ఏం కావాలో నాకే తెలీదు! హార్బర్ కథలో కుర్రాడు నలభై పేజీలు బీచ్ రోడ్డు మీద తిరుగుతూ బాధపడుతుంటాడు, అంతే.

ఒక సీను చెబుతాను. మే నెల, తెల్లవారుజాము. వేటకెళ్ళే ముందు జెట్టీ మీద తండ్రి వల బాగుచేస్తుంటాడు. కొడుకు వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందంటాడు. ముందు రాసినదాంట్లో తండ్రి "నువ్వెళ్ళిపోతే బోటెవడు చూస్తాడ్రా" అని మొదలుపెట్టి తాతల దాకా వెళ్ళి పేజీన్నర మాట్లాడేవాడు. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం, సీను అయ్యేసరికి ఏం మారింది అని అడుగుతూ తిరగరాశాను. ఇప్పుడు తండ్రి తలెత్తడు. "ఆ కొస పట్టుకో" అంటాడు. కొడుకు రెండు చేతులతో పట్టుకుంటాడు. జేబులో ఫోన్ మోగుతుంది. తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు.

పుస్తకం పనిచేసినట్టా కాదా? మా వాళ్ళలో సగం మంది ఔనంటున్నారు. మిగతా సగం, గైడు పెట్టుకుని రాస్తే అన్ని కథలూ ఒకే రేకులో తీసిన ఇడ్లీల్లా ఉంటాయంటున్నారు.

పరిషత్ పాతకాపు (అల్లిపురం):

బాబూ, సీను బాగుంది. క్రెడిట్ పుస్తకానికి ఇచ్చావు చూడు, అదే నచ్చలేదు. "ఆ కొస పట్టుకో" అన్న మాట అందులో ఏ పేజీలో ఉంది? హార్బర్లో ఎవరో అంటుంటే విని ఉంటావు.

ముప్పై ఏళ్ళు పరిషత్తు నాటికలు ఆడాను, రాశాను. ప్రేక్షకుడు దగ్గడం మొదలుపెట్టాడంటే ఆ సీన్లో రెండు నిమిషాలు కోసెయ్యాలని అర్థం. మొదటి వరసలో దగ్గితే జలుబు, నాలుగు వరసల్లో దగ్గితే రచయిత తప్పు. ఆ దగ్గు వినకుండా ఎన్ని గైడ్లు చదివినా ఒకటే.

గురజాడ వారి కన్యాశుల్కం 1892లో ఆడారు. 1897లో అచ్చయింది. అక్కడితో సరిపెట్టుకోలేదు ఆయన, మళ్ళీ కూర్చుని 1909 నాటికి దాదాపు కొత్త నాటకమే రాశారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. మన పక్క ఊళ్ళో జరిగిన సంగతి. ఆయనకి ఏ అమెరికా గైడు చెప్పింది?

అసలు నిర్మాణమే కావాలంటే నాట్యశాస్త్రంలో పంచసంధులున్నాయి, అంటే కథ నడిచే ఐదు దశలు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ. బీజం ఎక్కడ నాటాలి, అది ఎక్కడ దొరికినట్టే దొరికి చేజారాలి, అంతా ఉంది.

పూర్ణా మార్కెట్:

నాట్యశాస్త్రం కూడా పుస్తకమే కదా మాస్టారూ 😀 పైగా గురజాడ వారు విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పినాయన. ఇంగ్లీషు నాటకాలూ సంస్కృత నాటకాలూ చదవకుండానే రాశారంటారా?

పరిషత్ పాతకాపు:

చదివారు. నాటకాలు చదివారు. నాటకం రాయడం ఎలా అన్న గైడు కాదు. తేడా ఉంది.

ఇంటర్వెల్ బ్యాంగ్ (ఎంవీపీ కాలనీ):

నాలుగేళ్ళు హైదరాబాద్‌లో అసిస్టెంట్‌గా చేసి తిరిగొచ్చినవాణ్ణి, నా గోల కూడా వినండి. గైడు చదవండి, తప్పు లేదు. కానీ అది ఎవరి కోసం రాశారో చూసుకోండి.

పేజీకి నిమిషం అన్నది వాళ్ళ ఫార్మాట్‌కి సరిపోయే లెక్క. వాళ్ళ అక్షరం సైజు, మార్జిన్లు, డైలాగ్ పేజీ మధ్యలో పెట్టే పద్ధతి, అన్నీ కలిస్తే సుమారుగా కుదురుతుంది. మన దగ్గర చాలామంది పేజీని నిలువుగా రెండు చేసి ఎడమ పక్క జరిగేది, కుడి పక్క డైలాగ్ రాస్తారు. అక్కడ ఆ లెక్క పెడితే తప్పుతుంది. నేను అలాగే నమ్మి 120 పేజీలు రాసి తీసుకెళితే, మా డైరెక్టర్ పైకి చదివించి వాచీ చూసి, "ఇది మూడు గంటల పది నిమిషాలు" అన్నారు.

రెండోది ఇంటర్వెల్. మూడు భాగాల పుస్తకంలో మధ్య 60 పేజీలు ఒకే ముద్ద. మనకి సరిగ్గా దాని నడుం మీద లైట్లు వేస్తారు. జనం లేచి సమోసా, పాప్‌కార్న్ తెచ్చుకుంటారు, ఫోన్లు చూసుకుంటారు. పదిహేను నిమిషాల తర్వాత వాళ్ళని మళ్ళీ కథలోకి లాగాలి. ఆ సీను ఎలా రాయాలో ఆ గైడు ఎందుకు చెబుతుంది, వాళ్ళ సినిమాకి ఇంటర్వెల్ ఉంటే కదా! మన సెకండాఫ్ ల్యాగ్‌లలో చాలావాటికి జబ్బు ఇక్కడే. ఇంటర్వెల్‌కి బ్యాంగ్ వేస్తారు, దాని తర్వాత ఏముందో ఆలోచించరు.

నేను చేసిన పని చెబుతాను. జగదాంబలో ఒకే సినిమా మూడుసార్లు చూశాను, నోట్‌బుక్కు, వాచీ పట్టుకుని. మొదటిసారి చూడ్డానికి. రెండోసారి సీన్ ఆర్డర్ రాసుకోవడానికి. మూడోసారి తెర వైపు కాకుండా పక్కన జనాన్ని. ఎక్కడ ఫోన్ల వెలుగు కనబడిందో ఆ సీను పక్కన టిక్కు పెట్టుకున్నాను. పాతకాపు గారి దగ్గూ నా టిక్కూ ఒకటే అనుకుంటాను.

ఇంకో మాట. మనకి స్క్రిప్టు చదివేవాళ్ళ కంటే నెరేషన్ వినేవాళ్ళే ఎక్కువ. రెండు గంటలు ఎదురుగా కూర్చుని కథ చెప్పాలి. ఆ విద్య ఆ పుస్తకంలో లేదు.

పూర్ణా మార్కెట్:

అంటే చదవాలా వద్దా?

ఇంటర్వెల్ బ్యాంగ్:

మొదటి డ్రాఫ్టు అయ్యాక చదవాలి. ముందే చదివితే చెయ్యి కదలదు. నాకు ఏడాది కదల్లేదు. ప్రతి పేజీకి ఇది ఎన్నో పేజీ అని టెన్షనే.

జాలరిపేట కుర్రోడు:

మీ గొడవ మీది గానీ అన్నా, సెకండ్ షో గారూ, మే నెలలో వేటకెళ్ళే బోటేటండీ? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. బోట్లన్నీ జెట్టీకే కట్టేసుంటాయి. మా నాన్నగారు వలలు బాగుచేసేది ఆ రోజుల్లోనే, కానీ తెల్లవారుజామున ఎందుకు చేస్తారు? టీ తాగాక తీరిగ్గా కూర్చుంటారు. అప్పుడు తొందరేం ఉంటుంది!

పరిషత్ పాతకాపు:

చూశావా బాబూ. ఇది ఏ గైడు పట్టుకుంటుంది?

సెకండ్ షో:

తల దించుకున్నాను మాస్టారూ 🙏 నిషేధం సంగతి పేపర్లో చదివాను, సీన్లోకి మాత్రం రాలేదు.

కానీ ఒక్కటి వినండి. పుస్తకంలో గడువు గురించి ఉంది. పాత్రకి టైమ్ బిగిస్తే కథ దానంతట అదే పరిగెడుతుందని. నా కథకి గడువు లేదని ఆర్నెల్లుగా కొట్టుకుంటున్నాను. జాలరిపేట తమ్ముడు ఒక్క ముక్కలో ఇచ్చేశాడు. 61 రోజులు! వల కొస పట్టుకున్న సీను ఏప్రిల్ ఆఖర్లో. జాయినింగ్ జూన్ 16. నిషేధం 14 రాత్రితో అయిపోతుంది, బోట్లన్నీ ఐస్, డీజిల్ ఎక్కించుకుని కాచుకుని ఉంటాయి. బోటు నడిపే సరంగు రాడు. తండ్రికి చెయ్యి బాగోదు.

ఇంటర్వెల్ బ్యాంగ్:

సరంగు రాడన్న కబురు ఇంటర్వెల్లో వేసుకో. క్లైమాక్స్ దాకా దాచకు.

జాలరిపేట కుర్రోడు:

బోటు ఎక్కితే వారం, పది రోజుల దాకా ఒడ్డుకి రాదండి. 16కి హైదరాబాద్ అంటే మర్చిపోవడమే. అదీకాక బయల్దేరే ముందు గంగమ్మకి పూజ ఉంటుంది, కొబ్బరికాయ కొట్టేది ఇంటి పెద్దోడు. తండ్రికి చెయ్యి బాగోదంటున్నారుగా, మరి కాయ ఎవరు కొడతారు?

పరిషత్ పాతకాపు:

ఆ కొబ్బరికాయ సీనులో ఎవరిచేతా డైలాగ్ చెప్పించకు బాబూ. రాసి ఇక్కడ పెట్టు, దగ్గుతానో లేదో చూద్దాం.