ఎయిర్ రైఫిల్‌కు తక్కువ బరువున్న లైట్, జారని మౌంట్ కావాలి

అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వడ్ల బస్తాలు పెట్టే షెడ్డులో ఎలుకల బాధ ఎక్కువైంది, మందు పెడితే బస్తాల సందుల్లో చచ్చి వాసన, అందుకే రాత్రిపూట ఎయిర్ రైఫిల్ వాడుతున్నా. 0.177 అంగుళాల గుండుది, స్ప్రింగ్‌ది, బ్యారెల్ వంచి లోడ్ చేసే రకం, లైసెన్స్ అక్కర్లేనిదే. పైన 11 ఎంఎం రైలు (స్కోప్ లాంటివి బిగించే గాడి పట్టీ), దాని మీద 4×32 స్కోప్ (గురి చూసే దుర్భిణి).

టార్చిని బ్యారెల్‌కు జిప్ టైలతో కట్టి చూశా. వంచేటప్పుడు చేతికి అడ్డం, పైగా గురి కిందికి పోతోంది. తర్వాత 11 నుంచి 21 ఎంఎంకు మార్చే అడాప్టర్ వేసి దాని మీద రింగ్ మౌంట్ బిగించా. పదిహేను ఇరవై షాట్లకే మొత్తం వెనక్కి జారుతోంది, రైలు మీద గీతలు కూడా పడ్డాయి. స్క్రూ ఇంకా బిగిద్దామంటే మరలు పోతాయేమోనని టెన్షన్. టార్చి 18650 సెల్‌ది (ఛార్జ్ చేసుకునే లిథియం సెల్), ట్రిగ్గర్ నొక్కగానే దానంతటదే బ్లింక్ మోడ్‌లోకి పోతోంది, ఆ దెబ్బకు లోపల సెల్ కదులుతున్నట్టుంది. ఎలుక ఆగుతుందా మరి!

నాకు 20 మీటర్ల లోపు వెలుగు చాలు, వెయ్యి ల్యూమెన్ల గొప్పలొద్దు. స్ప్రింగ్ గన్ దెబ్బకు ఆగే, మౌంట్‌తో కలిపి 150 గ్రాములు, రూ.1,500 దాటని లైట్ మీలో ఎవరైనా వాడుతుంటే, అది ఏ మోడలో, దేనికి బిగించారో చెప్తారా?