‘నేల మీదను సమాధానము’: తర్వాతి పాదం ఏమిటి?

కొసపాదం: అమెరికా కవి లాంగ్‌ఫెలో క్రిస్మస్ గంటల పద్యంలో, అంతర్యుద్ధం నాటిది, దక్షిణాన ఫిరంగులు పేలే చరణం ఒకటుంది కదా, పాటగా పాడితే వినపడదు. అది ఎన్నోది? మాజీ సైనికుల క్రిస్మస్ కూడికలో తెలుగులో చదవాలి. ప్రతి చరణం చివరా వచ్చే మకుటం (‘peace on earth, good-will to men’) ముత్యాలసరంలో, అంటే గురజాడ మాత్రాఛందస్సులో, సగం కుదిరింది: “నేల మీదను సమాధానము”. రెండో పాదం కుదరట్లేదు.

గణవిభజన: నాలుగోది. దాని వెంటే ఐదోది, భూకంపం వచ్చినట్టు ఇళ్లు అదిరిపోయే చరణం. పాటల పుస్తకాలు సాధారణంగా ఈ రెంటినీ ఎగరగొడతాయి. సైనికుల ముందు మాత్రం వదలకండి. అవి లేకపోతే ఆరో చరణంలో కవి ఎందుకు తల వంచుకున్నాడో తెలియదు. మీ పాదం 3+4+3+4 మాత్రలు, సరిపోయింది. ‘సమాధానము’ ఒక్కటే 3+4. రెండోదానికి: “మనుజులందరి యెడల కూరిమి”.

లూకా రెండు: ‘అందరి’ ఎక్కడిదండీ? ఆ మాట లూకా సువార్తలోని దేవదూతల పాటది, అక్కడ మన బైబిల్లో “ఆయన కిష్టులైన మనుష్యులకు”. చర్చి పెద్దలు అక్కడే పట్టుకుంటారు.

గణవిభజన: తెలుగు చేస్తున్నది లాంగ్‌ఫెలోని, లూకాని కాదు. ఆయన పలుకుబడి 1611 ఇంగ్లీషు బైబిల్‌ది. అందులో మనుషుల పట్ల సద్భావమే.

లూకా రెండు: ఆ తేడా అంతా గ్రీకులో చివరి సకారం. ‘యుదోకియ’ అయితే సద్భావం, ‘యుదోకియాస్’ అయితే ఇష్టులైన. వాటికన్, సీనాయి అనే పాత చేతిరాత ప్రతుల్లో మొదటి లేఖకులు సకారం రాశారు, తర్వాత దిద్దినవాళ్లు తీసేశారు. మనవాళ్ల అనువాదం సకారం ఉన్న పాఠానిదే. కాబట్టి “ఆయ నిష్టము పొందు వారికి”. మాత్రలు లెక్కపెట్టుకోండి.

గణవిభజన: మాత్రలు సరే, ‘ఆయన’ ఎవరు? లూకాలో ముందే “దేవునికి మహిమ” ఉంది, అతుకుతుంది. ఈ మకుటంలో దేవుడి మాటే లేదే.

సీసమాలిక: అసలు ముత్యాలసరం దేనికి? జాషువా క్రీస్తు చరిత్రంతా పద్యాల్లోనే నడిపాడు. సీసంలోకి రండి, అది ఇంద్రగణాలు, సూర్యగణాలతో నడిచే పద్యం. కాకపోతే ‘సమాధానము’ లగంతో (లఘువు, వెంటనే గురువు) మొదలవుతుంది. ఇంద్రగణాల్లోనూ సూర్యగణాల్లోనూ అలాంటిది లేదు. ‘స’ని ముందు గణం చివరికి నెడితే ‘మాధాన’ తగణం, ఇంద్రగణమే. ఆ తంటా ఎందుకనుకుంటే ‘శాంతి’, హాయిగా హగణం, సూర్యగణం.

కొసపాదం: ఆ ‘శాంతి’ గురించే నాకూ సందేహం. చర్చిలో సమాధానమంటే శాంతే, చర్చికి వెళ్లనివాళ్లకు మాత్రం జవాబే కదా?

లూకా రెండు: అనుకోనివ్వండి. ఏడో చరణంలో గంటలు చేసే పని అదే, కవి నిరాశకి జవాబివ్వడం.

గణవిభజన: మూలంలో లేని శ్లేష మనకెందుకు! అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మకుటం ఏడుసార్లూ ఒకే వ్యాకరణంతో రాదు. నాలుగులో ఫిరంగి మోతకి మునిగిపోయిన పాటకి విశేషణం, ఆరులో ద్వేషం వెక్కిరించే పాటకి. తెలుగులో విశేషణం ముందుకొస్తుంది, మకుటం చరణం నెత్తికెక్కుతుంది. ‘పాట మునిగెను’ అని వాక్యం ముగించి, మకుటాన్ని పాటలోని మాటగా విడిగా పలకాలి.

సీసమాలిక: జాషువా అయితే ఎత్తుగీతిలో, అంటే సీసం చివర వచ్చే చిన్న పద్యంలో, పెట్టేవాడు.

లూకా రెండు: చదివేముందు రెండు ముక్కలు చెప్పండి: లాంగ్‌ఫెలో కొడుకు చార్లెస్ అశ్వికదళంలో లెఫ్టినెంటు, 1863 నవంబరు 27న వర్జీనియాలో భుజానికి తూటా తగిలింది. పద్యం ఆ క్రిస్మస్‌దే అంటారు, అచ్చయింది 1865 ఫిబ్రవరిలో.

కొసపాదం: చెబుతాను. ‘కూరిమి’ వెక్కిరింపుకి నప్పుతుందా మరి? ఆరో చరణంలో తేలిపోతోంది.

గణవిభజన: ‘నెయ్యము’ పెట్టి చూడండి. అదీ నాలుగే.

సీసమాలిక: నెయ్యమంటే సభలో సగం మందికి నెయ్యి గుర్తొస్తుంది.