కోటలో పెళ్లి, పిలిచింది నలభై మందినే: ఘనంగా ఉండాలి, దగ్గరగానూ ఉండాలి. సలహాలు?

రాగిచెంబు
అక్క పెళ్లి ఒక పాత రాతి కోటలో కుదిరింది. అతిథులు నలభై మంది. హాలేమో రెండొందల మంది పట్టేలా ఉంది, పైకప్పు చూడాలంటే మెడ నొప్పెడుతుంది. డెకరేటర్ పంపిన డ్రాయింగ్‌లో గోడల నిండా పూలు, పరదాలు, రంగు లైట్లు. అక్కకి వైభవం కావాలి, కానీ వచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు తప్పిపోయినట్టు ఉండకూడదు. ఇలాంటి చోట చేసినవాళ్లు, పనిచేసినవాళ్లు చెప్పండి. దేనికి ఖర్చు పెట్టాలి, ఏది వదిలేయాలి?

కిటికీచువ్వ
ఆ డ్రాయింగ్ తిప్పి పంపేయండి. కోటకి గొప్పతనం మీరు తెచ్చిపెట్టక్కర్లేదు, అది ముందే ఉంది. హాలంతా నింపాలని చూస్తే ఎన్ని పూలు తెచ్చినా చాలవు. ఫైర్‌ప్లేస్ ఉన్న వైపు ఓ మూడో వంతు తీసుకుని, మడత తెరలతో చుట్టూ మళ్లించి, మిగతాది చీకట్లో వదిలేయండి. యూరప్ కోటల్లో దొరల కుటుంబాలు కూడా క్రమంగా పెద్ద హాలు మానేసి, పైన సోలార్ అనే చిన్న గదిలో భోంచేయడం మొదలుపెట్టాయి. మీ కోటలో అలాంటి గది ఉంటే పెళ్లి హాల్లో, విందు అక్కడ.

వత్తిదీపం
లైటింగ్ నా పని, దాని గురించే చెప్తాను. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తక్కువైతే వెచ్చటి పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. కొవ్వొత్తి మంట 1900 కెల్విన్ దగ్గర ఉంటుంది. బల్బులు 2700 దాటనివ్వకండి, దాటితే రాయి పాలిపోయినట్టు కనిపిస్తుంది, మనుషులూ అంతే. కింద నుంచి గోడ మీదకి వెలుగు చిమ్మే ఊదా, నీలం అప్‌లైటర్లు అస్సలు వద్దు. ఐదొందల ఏళ్ల గోడని డిస్కో చేయడానికా అంత దూరం వెళ్లేది!

పడే వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు, ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో ఇచ్చేది సుమారు ఒక్క లక్స్. అందుకే విడివిడిగా పెడితే ఏమీ కాదు, గుంపులుగా పెట్టాలి, కూర్చున్నవాళ్ల ముఖాల కంటే కాస్త కిందగా. వాటి వెనక అద్దం ఉంటే వెలుగు పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనం అద్దాల హాల్లో 17 కమానుల్లో 357 అద్దాలు బిగించారు. దర్పం కోసమే అనిపించినా, రాత్రి విందుల్లో కొవ్వొత్తుల వెలుగుని అవే పెంచేవి. మీకు అన్ని అక్కర్లేదు, బల్ల వెనక మసకబారిన పాత అద్దాలు రెండు చాలు.

అసలు మంటకి కోటవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కోండి. గోడకి టాపెస్ట్రీలు, అంటే బొమ్మలు నేసిన మందపు బట్టలు, ఉంటే ఇంకా గట్టిగా ఉంటారు. అలాంటి పాత నేతలకి మ్యూజియంలు సాధారణంగా పాటించే హద్దు 50 లక్స్. మీ లైట్లు వాటి మీద పడకుండా తిప్పుకోవాలి.

పూలసజ్జ
చీకటి బాగానే ఉంటుంది గానీ, పెద్దవాళ్లు ఆ గుండ్రటి మెట్లు దిగాలి కదండీ. మెట్ల దగ్గర మాత్రం అందం చూడకండి, వెలుగు చూడండి.

పూలకి వస్తే, అంత ఎత్తు హాల్లో చిన్న గుత్తులు కనబడవు. పాతిక చోట్ల చల్లే బదులు ఫైర్‌ప్లేస్ పక్కన మనిషెత్తు అమరిక ఒక్కటి, బల్ల మీద చేతికందే ఎత్తులో మిగతావి. తెలుపు ఒక్కటే వాడితే బూడిదరంగు రాయి ముందు చలి పుట్టినట్టుంటుంది. ముదురు ఎరుపు, వైన్ రంగు, గంధం రంగు, ముదురాకుపచ్చ కలపండి. లిల్లీలు పెడితే కేసరాలు తుంచేయాలి, ఆ పుప్పొడి బట్టకంటితే వదలదు. పళ్లు కలిపి పాత చిత్రాల్లోలా అమర్చాలని ఉంటే ద్రాక్ష, దానిమ్మ సరే. యాపిల్స్ మాత్రం వద్దు, అవి ఇథిలీన్ అనే వాయువు వదుల్తాయి, దాంతో కార్నేషన్, డెల్ఫినియం లాంటి పూలు త్వరగా వాడిపోతాయి.

రాగిచెంబు
కోటవాళ్ల నిబంధనలు ఈరోజే వచ్చాయి. మేకులు వద్దు, టేపు వద్దు, నాచు, కొమ్మలు ముందు చూపించాలి, నీళ్ల కుండీల కింద పళ్లెం ఉండాలి. కొమ్మలతో వాళ్లకేం ఇబ్బంది?

తాళంచెవి
పురుగులు. పాత కలపకీ బట్టకీ పట్టే పురుగులు అలాంటివాటితోనే లోపలికొస్తాయి. టేపు పీకితే సున్నపు గచ్చు దాంతోపాటే ఊడొస్తుంది. సున్నపురాయి నేల మీద నిమ్మరసమో వైనో ఒలికితే తుడిచినా గుర్తుండిపోతుంది, ఆమ్లం రాయినే తింటుంది. పాత భవనాల నిర్వహణలో పనిచేశాను, వాళ్లది చాదస్తం కాదు. వాళ్లంతట వాళ్లే నిలబడే ఫ్రేములు వాడండి, గోడ జోలికి పోకుండా పనవుతుంది.

ఇంకోటి, వేడి. లావాటి రాతిగోడలు నెమ్మదిగా వేడెక్కుతాయి, ఎండాకాలంలో కూడా లోపల చల్లగానే ఉంటుంది. పెళ్లిరోజు పొద్దున్నే హీటర్లు గుప్పుమని పెడదామంటే ఒప్పుకోరు, గాలి ఒక్కసారిగా పొడిబారితే చెక్క పగులుతుంది, చిత్రాల రంగు లేస్తుంది. ముందురోజు నుంచీ మెల్లగా పెట్టమని అడగండి. కుర్చీకో శాలువా వేయండి, అలంకారమూ అవుతుంది.

అంచుజరీ
గుండ్రటి బల్లలు వద్దు. ఒకే పొడుగు బల్ల. మనిషికి 60 సెంటీమీటర్లు లెక్కేసుకుంటే వైపుకి ఇరవై మంది, 12 మీటర్లు. వెడల్పు మీటరు దాటనివ్వకండి, దాటిందా ఎదుటివాళ్లతో మాట కలవదు. పూలు 30 సెంటీమీటర్ల లోపు. డబ్బంతా చేతికి తగిలేవాటి మీద పెట్టండి: బరువైన లినెన్ న్యాప్‌కిన్లు, మంచి గ్లాసులు, చేత్తో రాసిన పేర్ల కార్డులు, మెరుపు తగ్గిన ఇత్తడి. తళతళలాడే బంగారు రంగు ఆ గదిలో నాటకం సామానులా ఉంటుంది. అక్కకి నచ్చకపోవచ్చు, అయినా చెప్తున్నా.

వీణమెట్లు
ధ్వని గురించి ఎవరూ అనలేదేంటి? రాతి గదిలో మాట గింగిరాలు తిరుగుతుంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, తెలుస్తుంది. తివాచీలు, మందపాటి పరదాలు, వెల్వెట్ పెడితే కాస్త పీల్చుకుంటాయి. పాత టాపెస్ట్రీలు చలికే కాదు, దీనికీ పనికొచ్చేవి. ప్రసంగాలకి రెండు పెద్ద స్పీకర్లు పెట్టి అరిపించొద్దు, చిన్నవి నాలుగు, తక్కువ సౌండ్‌లో, మనుషులకి దగ్గరగా. వాయిద్యకారులకి పై గ్యాలరీ ఉంటే అక్కడ కూర్చోబెట్టండి. తీగవాద్యాలైతే మైకు కూడా అక్కర్లేదు, ఆ గదే వాళ్లకి మైకు.

రాగిచెంబు
12 మీటర్ల బల్ల అక్కకి తెగ నచ్చింది. పై గదిలో పట్టదు, కాబట్టి హాలే. నేల మీద గులాబీ రేకులు కావాలంటోంది, చల్లొచ్చా?

తాళంచెవి
నడిచే దారిలో వద్దు. నలిగితే అరిగిన రాయి మీద జారతారు, రంగు కూడా అంటుతుంది. దారికి అటూ ఇటూ గోడ పక్కన బట్ట పరిచి దాని మీద పోయమనండి, పూర్తవగానే బట్టతోసహా ఎత్తేయొచ్చు.

వత్తిదీపం
ప్లగ్ పాయింట్లు ఎన్నో, ఏ సర్క్యూట్‌కి ఏవో రాసిమ్మనండి. వంటవాళ్ల హీటర్లూ నా లైట్లూ ఒకే లైను మీద పడితే కష్టం.